కంటికందని కాంతి

కార్చిచ్చు చల్లారిన తరువాత అడవిలో మిగిలిన బూడిదను చూడగానే కొన్ని ప్రశ్నలు పుడతాయి. ఎంత మేర అడవి కాలింది? ఎక్కడ ఎండుగడ్డి మాత్రమే కాలిపోయింది? ఎక్కడ పెద్ద చెట్లు సైతం మాడిపోయాయి? వానలు పడిన తరువాత ఏ భాగం తనంతట తాను చిగురిస్తుంది? ఏ భాగానికి మన సాయం అవసరమవుతుంది? కొండలు, లోయలు, ముళ్లపొదలతో నిండిన అడవిలో కాలినడకన తిరిగి ఈ లెక్కలన్నీ తేల్చడం నెలల తరబడి సాగే పని. ఈలోగా తొలకరి వచ్చి మసిని కడిగివేస్తుంది. నేలమీద పచ్చిక మొలుస్తుంది. జరిగిన నష్టానికి ఆనవాలు కనుమరుగవుతుంది. లెక్కకు రాని నష్టాన్ని పూడ్చడానికి ఎవరూ పూనుకోరు.

ఈ చిక్కును విప్పడానికి శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని ఆశ్రయించారు. వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు అడవిని తాకకుండానే దాని స్థితిగతులను తెలుపుతున్నాయి. వస్తువును తాకకుండా, దాని నుంచి వచ్చే కాంతిని, వేడిని దూరం నుంచే గ్రహించి దాని స్వరూపాన్ని తెలుసుకునే ఈ విద్యను దూరసంవేదన శాస్త్రం లేదా రిమోట్ సెన్సింగ్ అంటారు. భారతదేశంలో ఈ శాస్త్రానికి పితామహునిగా పేరుపొందిన మహనీయుడు పిషారోత్ రామ పిషారటి. వృత్తిరీత్యా ఆయన వాతావరణ శాస్త్రజ్ఞుడు. కార్చిచ్చులు ఆయన పరిశోధనాంశం కావు. అయినా కాలిన అడవిని ఆకాశం నుంచి చదవడానికి కావలసిన తొలి అక్షరాలను మన దేశంలో దిద్దించినవారు ఆయనే. ఆ అక్షరాభ్యాసం కేరళలోని కొబ్బరితోటలపైన జరిగింది.

పిషారటి 1909 ఫిబ్రవరి 10న కేరళలోని పాలక్కాడు ప్రాంతానికి చెందిన కొల్లెంగోడులో జన్మించారు. పడమటి కనుమల పాదాల చెంత ఉన్న ఆ ఊరు నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారు జిల్లాలో భాగం. నైరుతి రుతుపవనాలు పుష్కలంగా వర్షించే ఆ నేలపై పుట్టిన బాలుడు పెరిగి పెద్దవాడై వానల రహస్యాన్ని వెదకడం విశేషం. ప్రాథమిక విద్యను కేరళలో ముగించిన ఆయన మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందారు. అటుపిమ్మట కళాశాలలో అధ్యాపకవృత్తిని స్వీకరించారు.

బోధనతో ఆయన జిజ్ఞాస తృప్తి చెందలేదు. వేసవి సెలవులు రాగానే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్లి, సర్ సి.వి. రామన్ పర్యవేక్షణలో పరిశోధన సాగించేవారు. కాంతి ఒక పదార్థాన్ని తాకి తిరిగి వచ్చేటప్పుడు ఆ పదార్థపు గుణాన్ని వెంట తెస్తుందన్నది రామన్ జీవితకాల పరిశోధనకు మూలసూత్రం. ఆ మహాశాస్త్రవేత్త సన్నిధిలో గడిపిన సెలవులు యువ అధ్యాపకుని పరిశోధకునిగా తీర్చిదిద్దాయి.

1942లో పిషారటి భారత వాతావరణ శాఖలో చేరారు. ఉద్యోగంలో ఉంటూనే ఉన్నత విద్యకై అమెరికా వెళ్లి, 1950వ దశకం తొలినాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వాతావరణ శాస్త్రంలో ఎం.ఎస్., పిహెచ్.డి. పట్టాలు పొందారు. స్వదేశానికి తిరిగి వచ్చి, 1959లో కొలాబా, అలీబాగ్ అయస్కాంత పరిశోధనశాలల సంచాలకులయ్యారు. 1962లో పుణెలో ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ఏర్పడినప్పుడు దానికి తొలి సంచాలకునిగా బాధ్యతలు చేపట్టారు.

ఆ రోజులలో ఆయన మనసును ఆకట్టుకున్న సమస్య రుతుపవనాల నీటికి సంబంధించినది. ఏటా జూన్ నుంచి సెప్టెంబరు వరకు భారతభూమిపై కురిసే ఆ జలరాశి ఎక్కడి నుంచి వస్తోంది? భూమధ్యరేఖను దాటి దక్షిణ సముద్రాల నుంచి వస్తోందా, లేక అరేబియా సముద్రం నుంచే ఆవిరిగా లేస్తోందా? 1960వ దశకంలో హిందూ మహాసముద్రంపై జరిగిన అంతర్జాతీయ పరిశీలనల ఆధారంగా, ఆ తేమలో అధికభాగం అరేబియా సముద్రానిదేనని ఆయన లెక్కకట్టారు. తరువాతి పరిశోధకులు దక్షిణార్ధగోళం వాటా ఎక్కువని సవరించారు. శాస్త్రంలో ఇటువంటి సవరణ సహజం. మేఘాన్ని చూసి మురిసిపోయే మనిషికి ఆ మేఘపు లెక్క అడగడం నేర్పినందుకు ఆ పరిశోధన విలువైనది. ఎంత, ఎక్కడ, ఎప్పుడు అనే మూడు ప్రశ్నలు ఆయనను కడదాకా విడిచిపెట్టలేదు.

1967లో ఆయన పదవీ విరమణ చేశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఎనిమిది. అంతర్జాతీయ ఖ్యాతి గడించి, విశ్రాంతికి అర్హత సంపాదించుకున్న దశ అది. అయితే ఆ వయస్సులో ఆయన సరికొత్త రంగంలోకి అడుగుపెట్టారు. అహ్మదాబాదులోని ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీలో సీనియర్ ఆచార్యునిగా చేరారు. ఆ సంస్థను నడిపిస్తున్న విక్రమ్ సారాభాయి అప్పటికే భారత అంతరిక్ష కార్యక్రమానికి పునాదులు వేస్తున్నారు. అంతరిక్ష విజ్ఞానం పేదదేశానికి ఆడంబరమని విమర్శించేవారికి, అది రైతుకు, జాలరికి, పల్లెబడికి ఉపయోగపడినప్పుడే సార్థకమని సారాభాయి ఆచరణలో చూపదలచారు. ఆ ఆశయానికి రూపమివ్వగల అనుభవజ్ఞులలో పిషారటి ఒకరు.

ఆ కాలంలో కేరళ రైతులను ఒక తెగులు కుంగదీస్తూ ఉండేది. కొబ్బరికి సోకే వేరు వడలు తెగులు అది. 1882లో వచ్చిన పెద్ద వరదల తరువాత మధ్య కేరళలో తొలిసారిగా కానవచ్చిన ఈ తెగులు క్రమంగా తోట నుంచి తోటకు పాకింది. ఇది చెట్టును ఒక్కసారిగా చంపదు. ఆకులు బిగువు కోల్పోయి వేలాడతాయి, పసుపు బారుతాయి, అంచులు ఎండుతాయి. కాపు ఏటేటా తగ్గుతుంది. కొబ్బరిచెట్టునే నమ్ముకున్న కుటుంబం మెల్లమెల్లగా పేదదవుతుంది. తెగులు ముదిరిన చెట్టును తొలగించి కొత్త మొక్కను నాటడం తప్ప గత్యంతరం లేదు. అందుకు ముందుగా ఏయే చెట్లకు తెగులు సోకిందో, ఎంత మేర వ్యాపించిందో తెలియాలి. లక్షలాది చెట్ల తలలను ఒక్కొక్కటిగా పరీక్షించడం ఎలా సాధ్యం?

ఈ ప్రశ్నకు సమాధానం ఆకు స్వభావంలోనే దాగి ఉంది. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిలోని నీలి, ఎరుపు రంగులను ఎక్కువగా పీల్చుకొని ఆహారం తయారుచేస్తుంది. ఆకుపచ్చ కాంతిని కొంత వెనుకకు పంపుతుంది. అందువల్లనే ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది. అయితే ఎరుపుకు ఆవల, మన కంటికందని పరారుణ కాంతి ఉన్నది. ఆరోగ్యవంతమైన ఆకు లోపలి కణాల అమరిక ఈ కాంతిలో దాదాపు సగభాగాన్ని వెనుకకు పంపుతుంది. మన కన్ను పరారుణాన్ని చూడగలిగితే అడవి మనకు పచ్చగా గాక, ఆ కాంతితో ధగధగలాడుతూ కనిపించేది. ఆకు జబ్బుపడినా, ఎండినా, కాలినా లోపలి కణాల అమరిక చెదరుతుంది. వెనుకకు వచ్చే పరారుణ కాంతి తగ్గుతుంది. కంటికి ఇంకా పచ్చగానే అనిపించే చెట్టులోని బలహీనతను సైతం ఈ కాంతి బయటపెట్టగలదు.

ఈ కాంతిని పట్టే ప్రత్యేకమైన ఛాయాచిత్ర ఫిల్ము రెండవ ప్రపంచయుద్ధకాలం నాటికే ఉండేది. శత్రువులు నరికిన కొమ్మలు, పచ్చరంగు వస్త్రాలు కప్పి దాచిన ఫిరంగులను సజీవమైన చెట్ల నుంచి వేరుచేసి చూడడానికి దానిని ఉపయోగించారు. ఆ ఫిల్ములో పచ్చని చెట్టు ఎర్రగా పడుతుంది. నిర్జీవమైన పచ్చదనం వెలవెలబోతుంది. యుద్ధానికి పుట్టిన ఆ సాధనాన్ని పిషారటి రైతు తోటకు మళ్లించారు.

1970 ప్రాంతంలో ఈ ప్రయోగం జరిగింది. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఆయనతో చేయి కలిపారు. కాయంకుళం ప్రాంతపు కొబ్బరితోటలపై హెలికాప్టరులో ఎగురుతూ పరారుణ ఫిల్ముతో ఛాయాచిత్రాలు తీశారు. ఆ చిత్రాలలో ఆరోగ్యంగా ఉన్న చెట్ల తలలు నిండు ఎరుపుతో కనిపించగా, తెగులు సోకినవి రంగు మారి వేరుగా తెలిశాయి. నేలమీద నుంచి చూచే రైతుకు అందని వ్యత్యాసం ఆకాశం నుంచి తీసిన చిత్రంలో తేటతెల్లమయింది. భారతదేశంలో రిమోట్ సెన్సింగ్ చరిత్ర ఈ ప్రయోగంతోనే ప్రారంభమయిందని శాస్త్రలోకం అంగీకరించింది. 1970లోనే భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

ఈ ప్రయోగంలో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. చిత్రంలోని ఎర్రని చుక్క ఆరోగ్యానికి, వెలిసిన చుక్క తెగులుకు గుర్తని తనంతట తాను ఏ ఫిల్మూ చెప్పదు. నేలమీద ఆ చెట్టు దగ్గర నిలబడి పరీక్షించినవారే ఆ అర్థాన్ని నిర్ధారించాలి. ఆకాశం విస్తృతిని చూపుతుంది. నేల సత్యాన్ని ధ్రువపరుస్తుంది. ఈ రెండింటి పొత్తు లేనిదే రిమోట్ సెన్సింగ్ రంగుల బొమ్మగానే మిగిలిపోతుంది. అందుకే నాటి నుంచి ఈ శాస్త్రంలో క్షేత్ర పరిశీలన విడదీయరాని భాగమయింది.

1971 డిసెంబరు 30న సారాభాయి అకాలమరణం చెందారు. అయితే ఆయన నాటిన మొక్క వాడిపోలేదు. 1972 నుంచి 1975 వరకు పిషారటి అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రంలో రిమోట్ సెన్సింగ్, ఉపగ్రహ వాతావరణ విభాగాలకు సంచాలకులుగా వ్యవహరించారు. 1972 జూలై 23న అమెరికా తొలి భూవనరుల ఉపగ్రహాన్ని ప్రయోగించింది. తరువాత ల్యాండ్‌శాట్‌గా ప్రసిద్ధిపొందిన ఆ ఉపగ్రహం దాదాపు 900 కిలోమీటర్ల ఎత్తు నుంచి పద్దెనిమిది రోజులకొకసారి అదే ప్రదేశాన్ని తిరిగి చిత్రించేది. అందులో పరారుణ కాంతిని పట్టే ఏర్పాటు కూడా ఉంది. కొబ్బరితోటపై హెలికాప్టరు చేసిన పనినే ఈ ఉపగ్రహం భూగోళమంతటికీ చేయనారంభించింది.

ఈ విద్య తెలుగునేలకు కూడా త్వరలోనే చేరింది. 1974–75లో భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి కలిసి పంటల వనరులను ఆకాశం నుంచి అంచనా వేసే ప్రయోగానికి రెండు జిల్లాలను ఎంపిక చేశాయి. ఒకటి పంజాబులోని పాటియాలా. రెండవది కరువుకు మారుపేరైన మన అనంతపురం. 1974లోనే హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1979లో షాద్‌నగర్ సమీపాన ఉపగ్రహ సంకేతాలను అందుకునే కేంద్రం పనిచేయనారంభించింది. అంతరిక్షం నుంచి వచ్చే భారతదేశపు చిత్రం తొలుత తెలుగునేలపై దిగేది.

ఆ చిత్రాలు అడవుల విషయంలో దేశాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. ప్రభుత్వ దస్త్రాలలో దేశ భూభాగంలో దాదాపు 23 శాతం అడవిగా నమోదై ఉండేది. ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన హైదరాబాదు శాస్త్రజ్ఞులు 1972–75 నాటికి అది సుమారు 17 శాతమేననీ, 1980–82 నాటికి సుమారు 14 శాతానికి పడిపోయిందనీ ప్రకటించారు. దస్త్రంలో అడవి అని రాసి ఉన్న చోట చెట్లే లేని నేలలు బయటపడ్డాయి. ఈ అంకెలపై వాదోపవాదాలు చెలరేగాయి. తరువాత చిత్రాలను మరల సరిచూసి, 1987లో భారత అటవీ సర్వేక్షణ సంస్థ తొలి నివేదికలో అటవీ విస్తీర్ణాన్ని సుమారు 19.5 శాతంగా నిర్ణయించారు. అంకె మారినా మూలవిషయం మారలేదు. అడవి ఎంత ఉన్నదో చెప్పడానికి ఇక దస్త్రం ఒక్కటే చాలదని అందరూ గ్రహించారు. నాటి నుంచి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా అడవుల స్థితిని నివేదించడం ఆనవాయితీ అయింది.

1988 మార్చి 17న భారతదేశపు తొలి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.–1ఎ సోవియట్ దేశంలోని బైకనూర్ నుంచి నింగికెగసింది. 1995లో ఎగిరిన ఐ.ఆర్.ఎస్.–1సి మరికొంత పొడవైన తరంగాల పరారుణాన్ని సైతం గ్రహించగలిగింది. 2003లో శ్రీహరికోట నుంచి రిసోర్స్‌శాట్–1 ప్రయాణమయింది. కార్చిచ్చు మిగిల్చిన నష్టాన్ని లెక్కించడానికి ఈ రెండు రకాల పరారుణ కాంతుల పోలిక కీలకమయింది.

ఆ లెక్క సూత్రం సరళమైనది. పచ్చని అడవి దగ్గరి పరారుణాన్ని ఎక్కువగా వెనుకకు పంపుతుంది. ఆకులలో నీరున్నందువల్ల పొడవైన తరంగాల పరారుణాన్ని పీల్చుకుంటుంది. అడవి కాలిపోగానే ఈ క్రమం తలకిందులవుతుంది. ఆకులు పోయినందున మొదటిది తగ్గుతుంది. తేమ ఆవిరై నేల బయటపడినందున రెండవది పెరుగుతుంది. మంటకు ముందు తీసిన చిత్రాన్ని, మంట తరువాత తీసిన చిత్రాన్ని పక్కపక్కన పెట్టి ఈ మార్పును గణిస్తే ఎక్కడ కాలిందో తెలియడమే గాక, ఎంత తీవ్రంగా కాలిందో కూడా తెలుస్తుంది. మార్పు కొద్దిగా ఉంటే నేలమీది ఆకులు, గడ్డి కాలినట్లు. అధికంగా ఉంటే చెట్ల తలలు సైతం మాడినట్లు భావించవచ్చు. నేడు గణనయంత్రాలు చేసే ఈ పని కొబ్బరితోటలో ఎరుపును, వెలిసిన రంగును వేరుచేసిన పనికి విస్తరించిన రూపమే.

అయితే ఉపగ్రహమూ పొరబడగలదు. నల్లమల వంటి ఆకురాల్చే అడవులలో మంటలు వేసవిలోనే ఎక్కువ. అదే కాలంలో చెట్లు సహజంగానే ఆకులు రాలుస్తాయి. మోడువారిన చెట్టును, కాలిన చెట్టును వేరుచేయడంలో జాగ్రత్త లోపిస్తే లెక్క తప్పుతుంది. దట్టమైన కొమ్మల మాటున పాకిన చిన్న మంట ఆకాశానికి కనిపించకపోవచ్చు. వానలు పడితే మచ్చ మాసిపోతుంది. ఇటువంటి సందర్భాలలో అడవిలో తిరిగే ఉద్యోగి, అడవినే ఇల్లుగా చేసుకున్న చెంచు సోదరుడు చెప్పే మాట చిత్రానికి ప్రాణం పోస్తుంది. మన అడవులలో చెలరేగే మంటలలో అత్యధికభాగం మనుషుల చేతలవల్ల పుట్టేవే గనుక, వారి సహకారం లేనిదే మంటల నివారణ కూడా సాధ్యం కాదు.

2004 నుంచి భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు పసిగట్టిన మంటల వివరాలను రాష్ట్రాల అటవీశాఖలకు తెలియజేయడం ప్రారంభించింది. మండుతున్న ప్రదేశం వెదజల్లే వేడి ఈ హెచ్చరికకు ఆధారం. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందీపూర్ పులుల అభయారణ్యంలో మంటలు చెలరేగినప్పుడు, నాలుగువేల హెక్టార్లకు పైగా అడవి కాలిపోయినట్లు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ద్వారా అంచనా వేసింది. ఒకనాడు నెలలు పట్టే లెక్క రోజులలో తేలింది.

ఈ వికాసంలో కొంతభాగాన్ని మాత్రమే పిషారటి కళ్లారా చూశారు. వయస్సు మీదపడినా ఆయన ఆలోచన ఆగలేదు. వాననీటి సంరక్షణ గురించి దేశానికి పదేపదే గుర్తుచేశారు. ఏడాదిలోని 8,760 గంటలలో మన దేశంలోని చాలా ప్రాంతాలలో వాన కురిసేది సుమారు వంద గంటలు మాత్రమేనని ఆయన లెక్కచెప్పారు. ఆ వంద గంటల నీటిని నేలలో నిలుపుకోగలిగితేనే మిగిలిన ఏడాదంతా మనకు తాగునీరు, సాగునీరు. పచ్చని అడవి ఆ నీటిని ఆపి భూమిలోకి ఇంకిస్తుంది. కాలిన కొండవాలు మీద పడిన వాన మట్టిని కూడా కోసుకుపోతుంది. ఈ దృష్టితో చూస్తే అడవి నష్టం చెట్ల లెక్కతో ముగియదు; దిగువనున్న చెరువుకు, బావికి, పొలానికి కూడా అది నష్టమే.

ప్రపంచ వాతావరణ సంస్థ శాస్త్ర సలహా మండలిలో ఆయన సభ్యునిగా సేవలందించారు. 1989లో ఆ సంస్థ వాతావరణ శాస్త్రంలో అత్యున్నతమైన ఐ.ఎం.ఓ. బహుమతిని ఆయనకు ప్రదానం చేసింది. తొంభై మూడేళ్ల నిండుజీవితం గడిపి, 2002 సెప్టెంబరు 24న పుణెలో ఆయన కన్నుమూశారు.

విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో కొత్త విద్యకు శ్రీకారం చుట్టడం పిషారటి జీవితంలోని ప్రధాన సందేశం. అంతరిక్ష శాస్త్రమనగానే చంద్రుని వైపు, నక్షత్రాల వైపు చూపు సారించే మనకు, దానిని నేలవైపు తిప్పి సామాన్యుని చెట్టును చూపించిన ఘనత ఆయనది. జరిగిన నష్టాన్ని దాచకుండా కొలిచినప్పుడే దానిని పూడ్చే మార్గం తెరుచుకుంటుంది. వేసవిలో నల్లమల కొండలపై పొగ లేచిన ప్రతిసారీ ఆకాశంలో ఒక యంత్రనేత్రం దానిని గమనిస్తుంది. అది చూపిన చోటికి నడిచివెళ్లి, నిజానిజాలు తేల్చి, కాలిన నేలపై మరల మొక్క నాటవలసిన బాధ్యత మాత్రం మనుషులదే. ఆ బాధ్యతను స్వీకరించే యువతరమే పిషారటికి తగిన వారసత్వం.